పాప్ వినాలా, ఇండీ రాక్ వినాలా: రాయగడ వైపు చెవులకు ఏది ముందు?

ఇంగ్లిష్ పాటలు వినడం మొదలుపెట్టి, నాలుగు పాటలయ్యాక వదిలేసేవాళ్ళు మన వైపు చాలామంది. రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో, బరంపురంలో ఎవరిని కదిపినా ప్రశ్నలు ఇవే. కోల్డ్‌ప్లే వినాలా, రేడియోహెడ్ వినాలా? టేలర్ స్విఫ్ట్‌కి అంత పేరు ఎందుకు? ఇండీ రాక్, అంటే పెద్ద కంపెనీల పద్ధతికి దూరంగా పుట్టిన గిటార్ బ్యాండ్ల పాటలు, బాగా చదువుకున్నవాళ్ళకేనా? నేను రెండు రకాలూ ఏళ్ళ తరబడి వింటున్నాను. వాటిలో ఒకటి గొప్పది, రెండోది చవకది అనే మాట ఒప్పుకోను. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. కొన్ని పాటలు పదిమందితో కలిసి పాడుకోడానికి కట్టినవి, కొన్ని ఒక్కరే కూర్చుని వినడానికి కట్టినవి. ఇప్పుడు మీకు ఏది కావాలో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. అవార్డులు, కోట్ల వ్యూస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"ఇంగ్లిష్ సరిగా అర్థం కాదు" అనే బెంగ మనకు అసలు అక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, సంతలో దేశియా, కొండ దిగి వచ్చినవాళ్ళ నోట కుయి. ఇన్ని భాషల మధ్య పెరిగిన చెవి మనది. పెళ్ళి ఊరేగింపులో సంబల్‌పురి పాట మోగితే మాటలన్నీ అర్థమయ్యేదాకా ఆగి అప్పుడు గెంతలేదు కదా. ముందు తాళం పడుతుంది, తర్వాత రాగం, మాటలు చివరికి వస్తాయి. ఇంగ్లిష్ పాటనూ అలాగే విననివ్వండి. లిరిక్స్ తెర మీద పెట్టుకుని మొదటిసారే చదువుతూ వింటే అది పరీక్షలా మారిపోతుంది.

మనవాళ్ళు మధ్యలో వదిలేయడానికి భాష కంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మన సినిమా పాటలో పల్లవి ముందే వస్తుంది. పాటలో అన్నిటికన్నా బాగుండే వరుస మొదటి అర నిమిషంలోనే చేతికందుతుంది. పాశ్చాత్య పాటలో అది కోరస్, మనం చరణం అనుకునే భాగం అయ్యాక వస్తుంది. పాప్‌లో కోరస్ సాధారణంగా నిమిషంలోపు వచ్చేస్తుంది కాబట్టి ఓపికకు పెద్దగా పనుండదు. ఇండీ రాక్‌లో ఆలస్యంగా వస్తుంది, కొన్ని పాటల్లో రానే రాదు. పల్లవి కోసం చూసి చూసి "ఇందులో ఏం లేదు" అని తీసేస్తాం. అదే మనం చరణాల మధ్య బీజీఎం కోసం చెవులు రిక్కించే జనం. ఇళయరాజా పాటలో గాయకుడు ఆగగానే వయొలిన్లు లేవడం, కింద బేస్ గిటార్ తన దారిన తాను ఇంకో పాట పాడుకుంటూ పోవడం మనకు తెలుసు. ఇండీ రాక్‌లో అసలు సరుకు చాలాసార్లు అక్కడే ఉంటుంది. పల్లవి కోసం ఆగే చెవితో పాప్ వినండి, బీజీఎం కోసం ఆగే చెవితో ఇండీ వినండి.

కోల్డ్‌ప్లే, రేడియోహెడ్

రెండూ ఇంగ్లండ్ బ్యాండ్లే. రేడియోహెడ్ ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్‌లో ఒకే బడిలో చదివిన కుర్రాళ్ళది. కోల్డ్‌ప్లే లండన్ యూనివర్సిటీ కాలేజీలో కలిసిన స్నేహితులది. 2000లో కోల్డ్‌ప్లే మొదటి ఆల్బమ్ "పారాచూట్స్" వచ్చినప్పుడు చాలామంది దాన్ని రేడియోహెడ్ పాత పాటలతో పోల్చారు. పైస్థాయిలో సన్నగా వణికే గొంతు, మెల్లగా మొదలై పెరిగే గిటార్లు, ఆ పోలికలో నిజం ఉంది. సరిగ్గా అదే ఏడాది రేడియోహెడ్ "కిడ్ ఎ" తీసుకొచ్చి గిటార్లను చాలావరకు పక్కన పెట్టి, ఎలక్ట్రానిక్ శబ్దాల వైపు తిరిగింది. అక్కడ దారులు విడిపోయాయి. ఒకరు స్టేడియం వైపు, ఇంకొకరు గదిలోకి.

పదిమంది కలిసే చోట కోల్డ్‌ప్లేకి సాటి లేదు. 2008 నాటి "వివా లా విదా"లో మాటలు లేని "ఓ ఓ" వరుస ఒకటుంది. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాని మనిషి కూడా రెండోసారికి గొంతు కలుపుతాడు. దాన్ని తక్కువ పనిగా చూడకండి. వేలమంది గొంతులకు ఒకేసారి అందే వరుస కట్టడం చాలా కష్టమైన విద్య. అయితే కోల్డ్‌ప్లే ఈమధ్య పాటలు నాకు పెద్దగా ఎక్కవు. రంగులు ఎక్కువై, పాట పలచబడింది. మొదటి నాలుగు ఆల్బమ్‌లలో ఆగితే చాలు. వాటిలో నా ఓటు 2002లో వచ్చిన "ఎ రష్ ఆఫ్ బ్లడ్ టు ది హెడ్"కి. పియానో మోగే తీరు కోసమైనా వినాలి.

రేడియోహెడ్‌ను అందరూ 1992 నాటి "క్రీప్" పాటతో మొదలుపెడతారు. ఆ పాట వినండి, కానీ దాన్ని బట్టి బ్యాండ్‌ను అంచనా వేయకండి. విమర్శకులు నెత్తిన పెట్టుకునే 1997 నాటి "ఓకే కంప్యూటర్" కూడా మొదటి మెట్టు కాదు. అది గొప్ప ఆల్బమ్, కానీ బరువు ఎక్కువ. 2007లో వచ్చిన "ఇన్ రెయిన్‌బోస్" పట్టుకోండి. దాన్ని బ్యాండ్ తన సొంత వెబ్‌సైట్‌లో పెట్టి, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అంది. అప్పట్లో ఆ పద్ధతి గురించి మాట్లాడినంతగా పాటల గురించి మాట్లాడలేదేమో అనిపిస్తుంది. అందులో కాలిన్ గ్రీన్‌వుడ్ బేస్ గిటార్ మీద మనసు పెట్టండి. ఇళయరాజా బేస్‌కు అలవాటుపడ్డ చెవికి అక్కడ తలుపు తెరుచుకుంటుంది. గాయకుడు థామ్ యార్క్ మాటల్ని మింగేస్తూ పాడతాడు. ప్రతి అక్షరం స్పష్టంగా పలికే బాలు గారి గొంతు విని పెరిగిన మనకు అది మొదట ఇబ్బందే. ఆ గొంతును ఇంకో వాయిద్యం అనుకుని వింటే ఇబ్బంది పోతుంది.

కాలిన్ తమ్ముడు జానీ గ్రీన్‌వుడ్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అదే బ్యాండ్‌లో గిటారిస్ట్. 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో ఇజ్రాయెల్ సంగీతకారుడు షై బెన్ జుర్‌తో, రాజస్థానీ కళాకారులతో కలిసి "జునూన్" అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. కవ్వాలీ గొంతులు, బాకాలు, ఢోలక్ అన్నీ ఉంటాయి. పెళ్ళి బ్యాండు మేళం అంటే ఇష్టపడేవాళ్ళు రేడియోహెడ్ కంటే ముందు దీన్నే వినొచ్చు. ఆ బాకాలు మన వీధిలోవి అనిపిస్తాయి.

టేలర్ స్విఫ్ట్, ది నేషనల్, ఫీబీ బ్రిడ్జర్స్

ఈ ముగ్గురినీ ఒకే చోట పెట్టడానికి కారణముంది. పాప్ ఒక ఊరు, ఇండీ ఇంకో ఊరు అనుకునేవాళ్ళకు వీళ్ళే సమాధానం.

అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ 2014లో "1989" ఆల్బమ్‌తో పూర్తిగా పాప్‌లోకి వచ్చింది. పెద్ద డ్రమ్ములు, మెరిసే సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు), వినగానే నోటికొచ్చే కోరస్. ఆరేళ్ళ తర్వాత, 2020 లాక్‌డౌన్‌లో, ది నేషనల్ అనే ఇండీ బ్యాండ్‌కు చెందిన ఆరన్ డెస్నర్‌తో కలిసి "ఫోక్‌లోర్" చేసింది. ఇద్దరూ దూరం నుంచే ఒకరికొకరు ట్రాక్‌లు పంపుకుంటూ పాటలు కట్టారు. అదే ఏడాది డిసెంబర్‌లో "ఎవర్‌మోర్" వచ్చింది. "ఫోక్‌లోర్"కి 2021లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది. ఇందులో మూడు పాటలు ఒకే ప్రేమకథను ముగ్గురి వైపు నుంచి చెబుతాయి. అబ్బాయి, అతను ప్రేమించిన అమ్మాయి, మధ్యలో వేసవి సెలవుల్లో వచ్చి వెళ్ళిపోయిన ఇంకో అమ్మాయి. కథ చెప్పే పాట అంటే ప్రాణం పెట్టే తెలుగువాళ్ళకు టేలర్ స్విఫ్ట్‌లో ప్రవేశం ఇక్కడే అని నా గట్టి అభిప్రాయం. "1989" డాన్స్‌కు బాగుంటుంది, "ఫోక్‌లోర్" మనసులో ఉండిపోతుంది.

"ఫోక్‌లోర్" నచ్చితే నేరుగా ది నేషనల్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఒహాయోలోని సిన్సినాటివాళ్ళు. ఇద్దరు కవల అన్నదమ్ములు, ఇంకో ఇద్దరు అన్నదమ్ములు, వీళ్ళ మధ్య పాడే మ్యాట్ బెర్నింజర్. ఆయన గొంతు బాగా లోతైనది, పాడుతున్నాడా మనతో మాట్లాడుతున్నాడా అన్నట్టుంటుంది. పెళ్ళి, ఉద్యోగం, డబ్బు, వయసు, నిద్రపట్టని రాత్రులు, ఇవే ఆయన పాటలు. దామన్‌జోడిలోనో జేకేపూర్ పేపర్ మిల్లులోనో బి షిఫ్ట్ దిగి, రాత్రి ఇంటికొచ్చి, అందరూ పడుకున్నాక ఒక్కరే అన్నం పెట్టుకుని తినే మనిషికి ఈ బ్యాండ్ పనికొచ్చినట్టు ఇంకేదీ పనికిరాదు. 2007 నాటి "బాక్సర్" కానీ, 2010 నాటి "హై వయొలెట్" కానీ తీసుకోండి. డ్రమ్ములు మాత్రం జాగ్రత్తగా వినండి. గొంతు నింపాదిగా ఉంటే, వెనక డ్రమ్ములు కంగారుగా పరుగెడుతుంటాయి. మనిషి పైకి నెమ్మదిగా ఉండి లోపల టెన్షన్ పడుతుంటే ఎలా ఉంటుందో అదే శబ్దం. పెళ్ళిలోనో పిక్నిక్‌లోనో పెడితే మాత్రం అందరూ లేచిపోతారు. ఆ తప్పు బ్యాండ్‌ది కాదు.

అమెరికా గాయని ఫీబీ బ్రిడ్జర్స్ ఆల్బమ్ "పనిషర్" కూడా 2020దే. ఆమె గట్టిగా పాడదు, చిన్న చిన్న వివరాలతో గుచ్చుతుంది. ఆల్బమ్ మొత్తం మెత్తగా సాగి చివరి పాటలో బాకాలు, కేకలతో బద్దలవుతుంది. ఆ ఒక్క చివరి పాట ముందే వింటే ఏమీ ఉండదు. వరుసగా విన్నవాళ్ళకే దాని దెబ్బ తెలుస్తుంది. ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా ఎందుకు వినాలని ఎవరైనా అడిగితే నేను చూపించేది దీన్నే. 2023లో జూలియన్ బేకర్, లూసీ డేకస్‌లతో కలిసి ఆమె చేసిన బాయ్‌జీనియస్ ఆల్బమ్ కొంచెం తేలిక. గిటార్లు ఎక్కువ, ముగ్గురి గొంతులు కలిసే చోట్లు చాలా బాగుంటాయి. "పనిషర్" మరీ నెమ్మది అనిపిస్తే అక్కడ మొదలుపెట్టండి.

ఈ ముగ్గురూ ఒకరి ఇంట్లో ఒకరు తిరుగుతూనే ఉన్నారు. టేలర్ స్విఫ్ట్ 2021లో తిరిగి రికార్డు చేసిన "రెడ్"లో ఫీబీ పాడింది. 2023లో ది నేషనల్ ఆల్బమ్‌లో ఇద్దరూ పాడారు. వాళ్ళకు లేని గోడ మనకెందుకు? ఒకరిని ఎంచుకోమంటే, మాటలు ముఖ్యమనుకునేవాళ్ళు ఫీబీని, కథ కావాలనుకునేవాళ్ళు "ఫోక్‌లోర్" టేలర్‌ని, గొంతు తోడు కావాలనుకునేవాళ్ళు ది నేషనల్‌ని తీసుకోండి. నాకైతే ది నేషనల్.

ఆర్కిటిక్ మంకీస్, ది స్ట్రోక్స్

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. ది స్ట్రోక్స్ న్యూయార్క్ బ్యాండ్, 2001లో "ఈజ్ దిస్ ఇట్". మొత్తం 36 నిమిషాల ఆల్బమ్. పార్వతీపురంలో రైలెక్కి పెట్టుకుంటే రాయగడ వచ్చేలోపు అయిపోతుంది. రెండు గిటార్లు ఒకదానికొకటి అడ్డం రాకుండా అల్లుకుపోతాయి, పాటలో ఒక్క వృథా క్షణం ఉండదు. గొంతు పాత రేడియోలోంచి వచ్చినట్టు గరగరలాడుతుంది. మీ ఇయర్‌ఫోన్ పాడైందనుకోకండి, కావాలనే అలా రికార్డు చేశారు.

ఆర్కిటిక్ మంకీస్ షెఫీల్డ్ కుర్రాళ్ళు. 2006 నాటి తొలి ఆల్బమ్‌లో పరుగు ఉంటుంది, కానీ గాయకుడు అలెక్స్ టర్నర్ యాస, మాటల వేగం మనకు అందడం కష్టం. 2013 నాటి "ఏఎం" మనవాళ్ళకు సరిపోయేది. తాళం నెమ్మది, గిటార్ బరువు, హిప్‌హాప్‌లా కొట్టే డ్రమ్ములు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో కూడా నిలబడే ఇండీ రాక్ కావాలంటే ఇదే. టర్నర్ తన 2018 ఆల్బమ్ మొదటి పాటను, ది స్ట్రోక్స్‌లో ఒకడినవ్వాలని ఉండేదంటూ మొదలుపెడతాడు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆయనే చెప్పాక నేను చెప్పేదేముంది. గిటార్ నేర్చుకుంటున్నవాళ్ళు స్ట్రోక్స్‌తో, ఊరికే వినాలనుకునేవాళ్ళు "ఏఎం"తో మొదలుపెట్టండి.

ఎక్కడ వింటారు, దేంతో వింటారు

ఈ విషయం ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం విడిగా చెబుతాను. అమెరికా గాయని బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్‌ను అమ్మానాన్నల ఇంట్లో, ఆమె అన్న ఫినియస్ చిన్న పడకగదిలో రికార్డు చేశారు. 2020 గ్రామీల్లో నాలుగు ప్రధాన అవార్డులూ ఆమెకే వచ్చాయి. ఆమె చెవిలో గుసగుసగా పాడుతుంది, కింద బేస్ గుండెల్లో తన్నుతుంది. ఇంట్లో, రాత్రిపూట, ఇయర్‌ఫోన్‌లో అది అద్భుతం. జనరల్ బోగీలో కిటికీ పక్కన కూర్చుని వింటే ఆ గుసగుస పట్టాల చప్పుడులో కొట్టుకుపోతుంది, బేస్ ఒక్కటే మిగులుతుంది. ఆ ఆల్బమ్ నచ్చలేదని చెప్పేవాళ్ళు అసలు దాన్ని ఎక్కడ విన్నారో ముందు అడగాలి. "పనిషర్"దీ అదే సంగతి. బాన్ ఐవర్ మొదటి ఆల్బమ్ "ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో" కూడా అంతే. బాన్ ఐవర్ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ అమెరికాలోని విస్కాన్సిన్ చలికాలంలో, వాళ్ళ నాన్న వేట విడిదిలో ఒంటరిగా ఉండి రికార్డు చేసుకున్న పాటలవి. గొంతు మీద గొంతు పేర్చి, పల్చగా పాడాడు. డిసెంబర్ తెల్లవారుజామున కొరాపుట్ మంచులో ఇంట్లో కూర్చుని వినాల్సినవి. డీజే బాక్సులు మోగే ఠాకురాణీ జాతర రోజుల్లో బరంపురంలో వినాల్సినవి కావు.

ప్రయాణంలో నిలబడేవి "ఏఎం", స్ట్రోక్స్, కోల్డ్‌ప్లే, ఇంకా టేమ్ ఇంపాలా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన కెవిన్ పార్కర్ ఒక్కడే టేమ్ ఇంపాలా. 2015 నాటి "కరెంట్స్"ను రాసి, వాయించి, పాడి, రికార్డు చేసి, మిక్సింగ్ కూడా తనే చేసుకున్నాడు. అందులో ఒక బేస్ వరుస పాటంతా మోస్తుంది, ఒకసారి వింటే వారం వదలదు. పాప్ నుంచి ఇండీ వైపు నడవాలనుకునేవాళ్ళకు ఇంతకంటే సులువైన వంతెన నాకు తెలియదు. రాయగడ నుంచి కొరాపుట్ లైన్‌లో వెళ్ళేవాళ్ళు మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. టికిరి, కాకిరిగుమ్మ వైపు సొరంగాల్లో సిగ్నల్ పోయి పాట సగంలో ఆగితే, ఆ ఆల్బమ్ మీదే విసుగొస్తుంది.

మన దేశంలోనే వెతికితే

ఇంగ్లండ్, అమెరికా దాకా వెళ్ళకముందే వినాల్సినవి ఇక్కడ ఉన్నాయి. ప్రతీక్ కుహాడ్ హిందీలోనూ ఇంగ్లిష్‌లోనూ పాడతాడు, గిటార్, మెత్తని గొంతు. 2019లో ఒబామా తనకు నచ్చిన పాటల జాబితాలో ఆయన పాట కూడా ఉంది. బాగుంటాడు, కానీ వరసగా పది పాటలు వింటే అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. నాకు ఇంకా ఇష్టం. 2019 నాటి "బిస్మిల్లా"లో పాత క్లబ్ గాయకుడిలాంటి గొంతు, బాకాలు, డిస్కో తాళం, అన్నీ ఒకేచోట కలుస్తాయి. ఇంగ్లిష్‌లో పాడినా అది మన దేశపు సంగీతమే అని మొదటి పాటకే తెలిసిపోతుంది.

కొండ పాటలు, జాతర పాటలు వింటూ పెరిగినవాళ్ళకు మాత్రం ఇండియన్ ఓషన్ అనే బ్యాండ్. 2000 నాటి "కందీసా"లో నర్మదా లోయ జానపదం ఒకటుంది, ఆ బ్యాండ్‌లోని రాహుల్ రామ్ గొంతులో. రాక్ బ్యాండ్ జానపదాన్ని ముట్టుకుంటే చెడిపోతుందని భయపడేవాళ్ళు దాన్ని వినాలి. తెలుగులో కావాలంటే హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా ఉంది. జమైకా నుంచి వచ్చిన రెగే తాళం మీద పల్లె మాటలు కూర్చోబెట్టారు. "ఊరెళ్ళిపోతా మామ" మన వలస కుర్రాళ్ళ ఫోన్లలో ఎందుకు మోగుతుందో వివరించక్కర్లేదు. అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్ళాడు. దేశియాలోనో, మన సరిహద్దు తెలుగులోనో ఇలాంటి బ్యాండ్ ఒకటి రాయగడ నుంచో జయపురం నుంచో రావాలని నా కోరిక.

నేరుగా చూడాలనుకుంటే

పెద్ద కచేరీలు మనకు దూరమే, కానీ అసాధ్యం కాదు. కోల్డ్‌ప్లే 2025 జనవరిలో నవీ ముంబైలోనూ అహ్మదాబాద్‌లోనూ పాడింది. ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ అదే ఏడాది ఫిబ్రవరి 2న హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చాడు. ఆ తర్వాతి వారం బెంగళూరు వేదిక మీద శిల్పారావుతో కలిసి తెలుగులో "చుట్టమల్లే" పాడాడు. ఆయన ఆల్బమ్‌లు నాకు ఒక మోస్తరుగానే అనిపిస్తాయి. కానీ ఒక్క గిటార్, కాలి కింద లూప్ పెడల్‌తో తన శబ్దాన్ని తానే పొరలుగా పేర్చుకుంటూ ఒక్కడే అంత జనాన్ని నిలబెట్టే తీరు చూసి తీరాల్సిందే. హైదరాబాద్‌లో ఏదైనా ఉంటే రాయగడవాళ్ళకు నాగావళి ఎక్స్‌ప్రెస్, బరంపురంవాళ్ళకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి.

ఇండీ ఇష్టపడేవాళ్ళు ఒకే కళాకారుడి స్టేడియం షో మీద డబ్బంతా పెట్టే బదులు ముంబైలో జరిగే లొల్లాపలూజా లాంటి ఉత్సవం చూడటం మేలు. 2023లో మొదటిసారి జరిగినప్పుడు ఇమాజిన్ డ్రాగన్స్, ది స్ట్రోక్స్ ఇద్దరూ వచ్చారు. 2025లో గ్రీన్ డే వచ్చింది. ఒకే టికెట్‌తో రెండు రోజులు, పెద్ద పేర్ల మధ్య మన దేశపు బ్యాండ్లు కూడా. బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ముంబై. ప్రయాణం ఒక రోజు దాటుతుంది కాబట్టి వచ్చే బ్యాండ్ల ఆల్బమ్‌లు దారిలోనే వినేయొచ్చు. మైదానంలోకి మాత్రం మధ్యాహ్నమే వెళ్ళిపోండి. ఎండగా ఉంటుంది, జనం పలచగా ఉంటారు. మీరింకా పేరు వినని బ్యాండ్లు వాయించేది అప్పుడే, వేదిక ముందు వరుసలో నిలబడే చోటు దొరికేదీ అప్పుడే.